బోనులో జడ్జి సారు

పోయిన వారం మొయినాబాద్‌లో ఒక కాగితం మీద సాక్షి సంతకం పెట్టి వచ్చాను. అది ఏం కాగితమో ఈ నిమిషానికి కూడా నాకు తెలియదు. కూరగాయలు కొనుక్కుని వస్తుంటే మా పక్కింటి కోడలు బ్యాంకులోంచి పరుగెత్తుకొచ్చి, "ఆంటీ, జర ఇక్కడొక సంతకం పెట్టున్రి, సారు లంచ్‌కు లేస్తున్నడు" అంది. సంచి ఒక చేతిలో, ఆమె పెన్ను ఇంకో చేతిలో. ఆమె వేలు పెట్టి చూపించిన చోట పెట్టేశాను. ఇంటికొచ్చి చెప్పులు విడుస్తుంటే ఏం చేసి వచ్చానో తట్టింది. ముప్పై ఏళ్లు కోర్టులో స్టెనోగా పనిచేసినదాన్ని నేను. చదవకుండా సంతకం పెట్టామన్న వాళ్లను చూసి లోపల్లోపల నవ్వుకున్నదాన్ని.

చెప్పుల దగ్గరే జడ్జి సారు గుర్తొచ్చారు. ఆయన పోయి నాలుగేళ్లవుతోంది. ఆయన చెప్పిన ఒక మాటను నేను పోయిన వారం నుంచే నమ్ముతున్నాను. ఆయన బతికి ఉన్నప్పుడు నమ్మలేదు. నమ్మానని మొహం మీద అబద్ధం చెప్పాను.

ఆయన మా చేవెళ్ల కోర్టులో చేసింది మూడేళ్లే. అదే ఆయన ఆఖరి కొలువు. గుమాస్తాగా చేరి, పరీక్షలు రాసి, నెత్తి నెరిశాక జడ్జి కుర్చీ ఎక్కిన మనిషి. అందుకే ఆఫీసులో ఎవరు ఎక్కడ పని ఎగ్గొడతారో ఆయనకు తెలుసు. మేం పెట్టిన ప్రతి కాగితాన్నీ స్కేలు ఆనించి వరుస వరుసా చదివేవారు. సెలవు చీటీని కూడా అట్లాగే చదివేవారు. నేను ఒకసారి జ్వరమని సెలవు చీటీ పెడితే, తేదీ తర్వాత కామా లేదని వెనక్కి పంపించారు. ఆ రోజు ఆయనను నేను తిట్టిన తిట్లు ఇక్కడ రాయడం బాగుండదు.

కోర్టులో సాక్షి తెలుగులో చెప్తాడు. జడ్జి దాన్ని ఇంగ్లీషులోకి మార్చి స్టెనోకు చెప్తారు. స్టెనో కొడుతుంది. ఆయన చెప్పే తీరు వేరు. కామా, ఫుల్‌స్టాప్ కూడా నోటితోనే పెట్టేవారు. టైపు మిషను వరుస చివర గంట కొడితే ఆగి, నేను మీట జరిపాక మొదలుపెట్టేవారు. తర్వాత మాకు కంప్యూటర్లు వచ్చాయి, గంట పోయింది. అయినా ఆయన అంతంత దూరానికి ఆగడం మానలేదు.

ఇంకో అలవాటు ఉండేది. సాక్షి కీలకమైన మాట చెప్పేటప్పుడు సారు అతని మొహం చూసేవారు కాదు. అద్దాలు ముక్కు మీదికి జార్చుకుని, బల్ల మీదికి వంగి, సాక్షి కాళ్లు చూసేవారు. మా దగ్గర పల్లెటూరి వాళ్లు కోర్టు హాల్లోకి చెప్పులతో రారు. విడవనక్కర్లేదని ఎన్నిసార్లు చెప్పినా గడప అవతలే విడిచేవాళ్లు. బోనులో ఉత్త కాళ్లు కనబడుతుండేవి. "మొహం అందరు దిద్దుకొని వస్తరు తల్లీ. కాలేళ్ల సంగతి ఎవ్వనికి యాదికుండది. అబద్ధమాడెటోనికి లోపల భయముంటది, అవి నేలను గట్టిగ పట్టుకుంటయ్" అనేవారు నాతో. నా కుర్చీ ఆయన బల్లకు కిందుగా, బోనుకు ఎదురుగా ఉండేది. ఆయనకంటే నాకే బాగా కనబడేవి. క్రమంగా నాకూ ఆ రోగం అంటుకుంది. తన కూతురి పెళ్లిచూపుల్లో కూడా అబ్బాయి కాళ్లు చూశానని మా చెల్లెలు ఇప్పటికీ ఎగతాళి చేస్తుంది.

జ్యూరీ గురించి ఆయన ఒక మాట అనేవారు. "మన దేశంల జ్యూరీని తీసేసిన్రంటరు గాని, తియ్యలె. కోర్టు గేటు అవుతల చాయ్ హోటల్ల కూసోబెట్టిన్రు." నిజమే, అక్కడ రోజూ పది పన్నెండు మంది కూర్చునేవాళ్లు. వాయిదాకు వచ్చినవాళ్లు, వాళ్లతో వచ్చినవాళ్లు, ఏ పనీ లేనివాళ్లు. ఏ సాక్షి నిజం చెప్పాడో, ఏ సాక్షి డబ్బు తిని చెప్పాడో చాయ్ చల్లారకముందే తేల్చేవాళ్లు. తీర్పు రాసి సంతకం పెట్టాక సారు అటెండరును పిలిచి, "హోటల్ల ఏమన్నరు?" అని అడిగేవారు. తన తీర్పుతో కలిస్తే నవ్వేవారు, కలవకపోతే ఇంకాస్త ఎక్కువ నవ్వేవారు.

ఆయన నవ్వు చూసి నేను నవ్వలేకపోయిన రోజు ఒకటుంది. శంకర్‌పల్లి దగ్గరి ప్రొద్దుటూరు నుంచి ఒక ముసలి రైతు బోనెక్కాడు. తన చెలక భూమిని అమ్మినట్టు ఉన్న కాగితం మీద ఆయన వేలిముద్ర ఉంది. "నిశాని నాదే సారూ. ఏం రాసిన్రో తెల్వదు. పటేలు రమ్మంటె పోయిన, చాయ్ తాపిన్రు, ఏలు వట్టుకొని ఏపిచ్చుకున్నరు" అన్నాడు. సారు వంగి చూశారు. ముసలాయన కాలివేళ్లు నేలను పట్టుకుని తెల్లగా అయిపోయి ఉన్నాయి.

"ఎద్దును కొనేటప్పుడు పండ్లు చూస్తవా, చూడవా?" అని అడిగారు సారు.

"సూస్త సారూ."

"గంత తెలివిగల్లోనివి, ఏలు పెట్టేటప్పుడు కాగితం చూడవా?"

సారుతో పాటు హాలంతా నవ్వింది. ముసలాయన కూడా మర్యాద కోసం నవ్వాడు. తీర్పులో సారు ఒక వాక్యం చెప్పారు: "బుద్ధి ఉన్న మనిషెవరూ తన భూమి కాగితం మీద అదేమిటో తెలుసుకోకుండా వేలు పెట్టడు, ఈ సాక్షి మాట నమ్మదగింది కాదు." ఆ వాక్యం అప్పటికే ఆయన ఎన్నో తీర్పుల్లో చెప్పి ఉన్నారు. ఆయన "బుద్ధి" అనగానే నా వేళ్లు మిగతాది కొట్టేసేవి. ముసలాయన చెలక పోయింది. గడప దగ్గర చెప్పులు వెతుక్కుంటూ చాలాసేపు నిలబడ్డాడు, అవి ఎదురుగానే ఉన్నాయి.

రిటైరయ్యాక సారు ఎంకపల్లి దారిలో రెండు గదుల ఇల్లు కట్టుకున్నారు. అప్పటికి హైదరాబాద్ అవతల సాఫ్ట్‌వేర్ కంపెనీలు లేచాయి, వాటి గాలి మా దాకా వచ్చింది. నిన్నటిదాకా జొన్న వేసిన చేలల్లో సున్నం వేసిన హద్దురాళ్లు పాతారు. మెహిదీపట్నం బస్సులో కూర్చుంటే ముందు సీటువాళ్లూ వెనక సీటువాళ్లూ ప్లాట్ల గురించే మాట్లాడేవాళ్లు. మొయినాబాద్ రోడ్డు మీద వారానికొక భూముల ఆఫీసు తెరిచేవాళ్లు. కొబ్బరికాయ కొట్టాలంటే ఒక పెద్దమనిషి కావాలి. ఊళ్లో అందుబాటులో ఉన్న పెద్దమనిషి జడ్జి సారు. శాలువా కప్పి, దండ వేసి, రిబ్బను కత్తిరింపజేసేవాళ్లు. అక్కడితో అయిపోదు, ఆఫీసు తొలి అగ్రిమెంటు మీద సాక్షిగా ఆయన చేత సంతకం పెట్టించేవాళ్లు, బోణీ బాగుంటుందని. సారుకు అది నచ్చేది. కుర్చీ పోయిన మనిషికి శాలువా కూడా పెద్ద విషయమే.

అట్లా ఒక ఆఫీసులో పెట్టిన సంతకం రెండేళ్ల తర్వాత ఆయన మెడకు చుట్టుకుంది. ఆ ఆఫీసాయన మా కోర్టులోనే దావా వేశాడు. ఎంకపల్లి మార్తమ్మ వాళ్ల రెండెకరాలు తనకు అమ్ముతానని ఆమె తల్లి అగ్రిమెంటు రాసి వేలిముద్ర వేసిందని, ఇప్పుడు కూతురు రిజిస్ట్రీ చెయ్యనంటోందని దావా. తల్లి అప్పటికే చనిపోయింది. మార్తమ్మ చర్చి పక్క ఇంట్లో ఉండేది, ఆ రెండెకరాల్లో కూరగాయలు పండించి మొయినాబాద్‌లో అమ్ముకునేది. "మా అవ్వ మంచం దిగనే లేదు, ఏడ వోయి నిశాని ఏస్తది?" అన్నదొక్కటే ఆమె వాదన. అవతలి వైపు కాగితం మీద మాత్రం జడ్జి సంతకం ఉంది. వేలిముద్ర వేస్తుంటే చూశానని ఆయన ఒక్క మాట అంటే ఆ రెండెకరాలు పోయినట్టే. జడ్జి మాటను కాదనే కోర్టు ఎక్కడుంటుంది?

సమన్లు అందిన ఆదివారం నన్ను ఇంటికి పిలిచారు. కోర్టు మనిషిగా నేను వెళ్లకూడదు. వెళ్లాను. గోడ మీద ఆ ప్రారంభోత్సవం ఫొటో ఉంది. మెడలో దండ, చేతిలో పెన్ను, పెన్ను కింద కాగితం. చూపు మాత్రం కెమెరా వైపు ఉంది.

"చదవనే లేదు తల్లీ" అన్నారు ఆ ఫొటోకు వీపు పెట్టి కూర్చుని. "దండ మెడల పడ్డది. ఫొటో ఆయన 'ఇటు చూడున్రి సార్' అన్నడు. ఎవరో వేలు పెట్టి చూపిచ్చిన్రు, పెట్టిన. ఆడ ముసలవ్వ ఎవ్వరు లేదు. ఉన్నదో లేదో గూడ నేను చూడలె."

"అదే చెప్పున్రి సార్."

"చెప్పినంక? ప్రొద్దుటూరు ముసలాయనను ఏమన్ననో యాదున్నదా? ఆయన ఒక్కడేనా? చదవలేదన్నోళ్లను, తెల్వదన్నోళ్లను ఎంతమందిని నమ్మకపోతిని. నేను గిప్పుడు గదే మాట అంటే, వాళ్లందరి తీర్పులు ఏమైతయ్? అనకపోతె మార్తమ్మ భూమి ఏమైతది?"

లేచి కిటికీ దాకా వెళ్లారు, వెనక్కి వచ్చారు. ఆ చిన్న గదిలో తిరగడానికి అంతకంటే చోటు లేదు. "వాయిదా నాడు ఊరికి పోదామనుకున్న. దవాఖానల పండుదామనుకున్న. ఎక్కడికి పోయినా సంతకం ఆడ్నే ఉంటది కదా" అన్నారు. ఆయనను చూస్తే జాలేసింది. ఆ జాలితోబాటే ఒక అనుమానం కూడా లోపల మెదిలింది. సెలవు చీటీలో కామా వెతికిన మనిషి అగ్రిమెంటు చదవలేదా?

వాయిదా రోజు హాలు నిండిపోయింది. కుర్చీలో కొత్త జడ్జి మేడం, సారుకు కూతురయ్యే వయసు. కుర్చీ వేయించమంటారా అని ఆమె అడిగితే సారు వద్దన్నారు. గడప అవతల బూట్లు విడిచి, మేజోళ్లతో బోనెక్కారు. కుడికాలి మేజోడుకు బొటనవేలి దగ్గర చిల్లు ఉంది.

దావా వేసినాయన వకీలు హుషారుగా లేచాడు. "ఇది మీ సంతకమేనా సార్?"

"నాదే" అన్నారు సారు. అని, అలవాటు కొద్దీ నా వైపు తిరిగి ఇంగ్లీషులో చెప్పడం మొదలుపెట్టారు, కామాతో సహా. నేనూ అలవాటు కొద్దీ కొట్టేశాను. మేడం మెల్లగా, "నేను చెప్తాను సార్" అన్నారు. వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. సారు చెవులు ఎర్రబడ్డాయి.

"ఈ కాగితం చదివి, ఆ ముసలమ్మ వేలిముద్ర వేస్తుంటే చూసి, సాక్షిగా సంతకం చేశారు. అంతే కదా?"

ఫ్యాను తిరుగుతోంది. మార్తమ్మ గోడకు ఆనుకుని కళ్లు మూసుకుంది.

"చదవలేదు" అన్నారు సారు. "చూడలేదు."

వకీలు మొహం పాలిపోయింది. తన సాక్షే తనకు ఎదురు తిరిగాడని, గట్టిగా ప్రశ్నించడానికి అనుమతి ఇవ్వాలని మేడమ్‌ను అడిగాడు. ఆమె ఇచ్చింది. అతను తన కట్టలోంచి ఒక పాత తీర్పు నకలు తీశాడు. ప్రొద్దుటూరు ముసలాయనది. "బుద్ధి ఉన్న మనిషెవరూ" అని మొదలుపెట్టి మొత్తం చదివాడు. నా వేళ్లు వాటంతట అవే బల్ల మీద కదిలాయి.

"ఇది మీ వాక్యమేనా? అప్పుడు రాసింది నిజమా, ఇప్పుడు చెప్తున్నది నిజమా?"

మేడం చెయ్యెత్తారు. "ఆ ప్రశ్న కుదరదు. జడ్జిగా ఆయన ఏం చేశారన్నదానికి జవాబు చెప్పమని ఆయనను బలవంతపెట్టడానికి లేదు. సార్, మీరు చెప్పనక్కర్లేదు."

చట్టం తలుపు తీసింది. ఒక్క అడుగు వేస్తే బయటపడేవారు. సారు అక్కడే నిలబడ్డారు.

"చెప్తానమ్మా" అన్నారు. "రెండూ నిజం కాలేవు. ఇప్పుడు చెప్పేదే నిజం. ఆనాడు నేను రాసింది తప్పు." నా వైపు తిరిగారు. "కొట్టు తల్లీ. ఫుల్‌స్టాప్."

ఈసారి మేడం అడ్డు చెప్పలేదు. నేను కొట్టాను. కొడుతూ ఆయన కాళ్లు చూశాను. మేజోళ్లలో వేళ్లు పది ముడుచుకుని బోను చెక్కను పట్టుకుని ఉన్నాయి. చిల్లులోంచి బొటనవేలు తెల్లగా కనబడింది. ఆయన నాకు నేర్పిన లెక్క ప్రకారం ఆయన అబద్ధం చెప్తున్నారు.

ఆ తర్వాత వాంగ్మూలం కాగితాలు ఇస్తే, బోనులో నిలబడే ప్రతి వరుసా చదివారు. మళ్లీ చదివారు. హాలంతా ఆయన చదవడం చూస్తూ కూర్చుంది. చివరికి సంతకం పెట్టారు, సాక్షి పెట్టే చోట కాదు, కుడివైపు జడ్జి పెట్టే చోట. మేడం దాన్ని కొట్టేయించి పక్కన మళ్లీ పెట్టించారు.

చాయ్ హోటల్లో జ్యూరీ ఎక్కువసేపు తీసుకోలేదు. అటెండరు వచ్చి నాకు అప్పజెప్పాడు. "గట్ల నిలవడి రెండుసార్లు సదివిన మనిషి, సదువకుంట సంతకం వెడ్తడా మేడం? ఆఫీసాయన కార్నర్ ప్లాటు ఇయ్యనన్నడట, గందుకే పల్టీ కొట్టిండంటున్రు." మార్తమ్మ తన భూమిలో ముక్క రాసిస్తానందని ఇంకొకడు అన్నాడట. చదవలేదన్న మాట నిజమేనేమో అన్నవాడు ఆ హోటల్లో ఒక్కడూ లేడు.

నెల తర్వాత తీర్పు వచ్చింది. దావా కొట్టేశారు. మార్తమ్మ భూమి మార్తమ్మకే ఉంది. అది కూడా నేనే కొట్టాను. అందులో సారు గురించి మేడం చెప్పిన వాక్యం దగ్గర నా చెయ్యి ఒక్క క్షణం ఆగింది: "ఇంత అనుభవం ఉన్న న్యాయాధికారి చదవకుండా సంతకం చేశానంటే నమ్మడం కష్టం, ఈ సాక్షి మాటను పూర్తిగా పక్కన పెట్టినా, వాది తన దావాను రుజువు చేసుకోలేదు." మేడమ్‌ను తప్పుపట్టలేను. ఆమె స్థానంలో సారు ఉన్నా అదే రాసేవారు.

ఆ తీర్పు నకలు తీసుకుని వాళ్లింటికి వెళ్లాను. ఆయన స్కేలు ఆనించి చదివారు. తన గురించిన వరుస దగ్గర స్కేలు చాలాసేపు కదల్లేదు. "కామా సరైన చోటనే పెట్టింది" అన్నారు. గోడ మీది ఫొటో లేదు, మేకు మాత్రం ఉంది.

అంతలో మార్తమ్మ వచ్చింది, ఒడిలో చిక్కుడుకాయలు పట్టుకుని. వాటిని గుమ్మంలో పోసి, సారు కాళ్ల మీద పడబోయింది. ఆయన వెనక్కి జరిగారు.

"మా దేవుడు మిమ్ముల సల్లగ సూడాలె సారూ" అంది ఏడుస్తూ. "మాసొంటోళ్ల కోసం గంత పెద్దమనిషి బోన్ల నిలవడి అబద్ధం ఆడిన్రు. ఎవ్వరు ఆడుతరు? పాస్టరు గారికి గూడ చెప్పిన, సారు కోసం ప్రార్థన చెయ్యున్రి, మా పాపం ఆయనకు అంటొద్దని."

"అబద్ధం కాదమ్మా" అన్నారు సారు. "నేను నిజంగనే చదవలేదు."

"అట్లనే సారూ, నేను ఎవ్వలకు చెప్ప." కొంగుతో కళ్లు తుడుచుకుని, నమ్మకంగా తల ఊపింది. "నా పానం వోయినా చెప్ప."

ఆమె దండం పెట్టి వెళ్లిపోయింది. గుమ్మంలో చిక్కుడుకాయలు అట్లాగే ఉన్నాయి. ఆయన కూర్చున్నారు, లేచారు, మళ్లీ కూర్చున్నారు. లోపలికి వెళ్లి రెండు కప్పుల్లో చాయ్ తెచ్చి ఒకటి నా ముందు పెట్టారు.

"నువ్వన్న నమ్మినవా తల్లీ?"

"నమ్మిన సార్" అన్నాను వెంటనే.

ఆయన అద్దాలు ముక్కు మీదికి జార్చుకున్నారు. కొంచెం ముందుకు వంగి నా కాళ్ల వైపు చూశారు. నా చెప్పులు గుమ్మం అవతల ఉన్నాయి. పాదాలను చీర కుచ్చిళ్ల కిందికి లాక్కున్నాను.

ఆయన అద్దాలు మళ్లీ పైకి తోసుకున్నారు. "చాయ్ తాగు, సల్లారుతది" అన్నారు.